దారి చెప్పే పెట్టె

రెండేళ్ళ క్రిందటి మాట. నా మిత్రులొకరు, లెక్కల మాష్టారు, ఉద్యోగ విరమణ చేసిన మరునాడే ఒక యాత్రకు సంకల్పం చెప్పుకొన్నారు. భార్యాసమేతంగా సొంత కారులో అహోబిలం, శ్రీశైలం చూచుకొని, తరువాత భద్రాచలం వెళ్ళి, అక్కడినుండి చింతూరు, మారేడుమిల్లి కనుమల మీదుగా రాజమహేంద్రవరం దిగవలెనని వారి ఆలోచన. డబ్బు సమకూర్చుకొన్నారు; కారు మరమ్మతు చేయించుకొన్నారు; ఇక మిగిలినది ఒక్కటే. "కారులో పెట్టుకొనే జి.పి.ఎస్. పెట్టె ఒకటి కొనాలండీ. ఏది మంచిదో మీరే తేల్చి చెప్పాలి" అని ఒక సాయంకాలం మా ఇంటికి వచ్చి కూర్చున్నారు.

నన్నడగడానికి పైకి కనిపించే కారణం, నేను ముప్పైయొక్క సంవత్సరాలు పిల్లలకు భూగోళం చెప్పినవాడను కావడం. లోపలి కారణం వేరు. అటువంటి పెట్టె ఒకదానిని నమ్మి ఒక రాత్రి మేమిద్దరమూ కలిసే దారి తప్పినాము. ఆ రాత్రిని గురించి మేము తరువాత ఎన్నడూ మాట్లాడుకొనలేదు. ఆ సాయంకాలమే మొదటిసారి మాట్లాడుకొన్నాము.

2017వ సంవత్సరం, శ్రావణమాసం. మా ఇద్దరికీ హైస్కూలులో పాఠం చెప్పిన గురువుగారు కాలం చేసినారని రాత్రి తొమ్మిదింటికి కబురు వచ్చినది. వారి స్వగ్రామం కృష్ణా డెల్టాలో, సముద్రం వైపు. తెల్లవారగానే తీసుకొనిపోతారని చెప్పినారు. మేము ఆ ఊరు చూచి నలభై ఏళ్ళు దాటినది. అప్పుడు బస్సు దిగి నడిచి వెళ్ళినాము. మిత్రుల బావమరిది తన కారులోని పెట్టెను ఊడదీసి మాకిచ్చినాడు. ఊరిపేరు కొట్టగానే తెరమీద రంగుగీత ఒకటి మా కారు ముందునుండి బయలుదేరి చీకటిలోనికి సాగిపోయినది. త్వరగా చేర్చే దారి కావలెనా, దగ్గరి దారి కావలెనా అని పెట్టె అడిగినది. ఆలస్యమవుతున్నదన్న ఆతురతలో మేము దగ్గరిదే అన్నాము.

అర్ధరాత్రి దాటిన తరువాత తారురోడ్డు విడిచి ఎడమకు తిరగమన్నది. తిరిగినాము. కొంతదూరం కంకర, తరువాత మట్టి, ఆ తరువాత ఒక ప్రక్క కాలువ, రెండవ ప్రక్క వరిమళ్ళు. అప్పటికే వాన పడి ఉన్నది. కారు వెనుకకు తిప్పుకొనడానికి చోటు లేదు. పోగా పోగా వెనుక చక్రాలు రెండూ నల్లమట్టిలో కూరుకొని, కారు కాలువ వైపు ఒరిగి ఆగిపోయినది. ఫోనుకు సిగ్నలు లేదు. పెట్టె మాత్రం నిశ్చింతగా, ఇంకా నాలుగు కిలోమీటర్లు నేరుగా పొమ్మని ఇంగ్లీషులో చెప్పుతూనే ఉన్నది.

మూడు గంటల వేళ మడికి నీరు పెట్టుకొనడానికి వచ్చిన రైతు ఒకాయన టార్చిలైటు వేసుకొని మా దగ్గరకు వచ్చినాడు.

"ఇటెందుకొచ్చారండీ బాబూ? ఇది కాలవ గట్టండీ. ట్రాక్టరే దిగబడిపోద్ది."

"ఈ పెట్టె చెప్పిందయ్యా" అన్నారు మా మిత్రులు.

ఆయన లోపలికి వంగి దానివంక చూచినాడు. "దానికేం తెలుసండీ? అది ఈ ఊరిదా?"

తెల్లవారిన తరువాత ఆయనే ట్రాక్టరు తెచ్చి మమ్ము బయటికి లాగించినాడు. మేము చేరేసరికి చితి సగం కాలిపోయినది. గురువుగారి పెద్దకుమారుడు మా చేతులు పట్టుకొని, "మీరొస్తున్నారని గంటసేపు ఆపామండీ" అన్నాడు. మేము తల వంచుకొని నిలబడినాము.

ఆ పెట్టె మీద నాకు చాలాకాలం కోపముండేది. కోపం చల్లారిన తరువాత, భూగోళం చెప్పినవాడికి తగిన పని చేసినాను. అది ఎట్లా పనిచేస్తుందో చదువుకొన్నాను. చదివిన కొద్దీ ఒక సంగతి తేటపడినది. ఆ రాత్రి మేమెక్కడ ఉన్నామో పెట్టె సరిగానే చెప్పినది. ఖచ్చితంగా ఆ కాలువ గట్టు మీదనే మమ్ము చూపించినది. మేమున్న చోటు దానికి ఆకాశం చెప్పినది. పోవలసిన దారిని మాత్రం ఆకాశం చెప్పలేదు. ఎవరో మనుష్యులు గీచిన పటం చెప్పినది. ఈ భేదం తెలియనివారు అంగడికి పోయి తెర వెడల్పును చూచి కొంటారు, డబ్బా మెరుపును చూచి కొంటారు. కొనవలసినది పటాన్ని.

ముందు ఆకాశం సంగతి. అమెరికా రక్షణశాఖవారు 1978 నుండి ప్రయోగించుతూ వచ్చిన ఉపగ్రహాల వరుసకే జి.పి.ఎస్. అని పేరు. కనీసం 24 ఉపగ్రహాలుండేటట్లు దీనిని రూపొందించినారు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండుసార్లు అవి మనలను చుట్టివస్తాయి. ప్రతి ఉపగ్రహమూ నిరంతరం రెండే మాటలు ప్రసారం చేస్తుంది: ఇప్పుడు సమయమింత, నేనున్నది ఇక్కడ. ఆ మాట మన కారులోని పెట్టెకు చేరడానికి సుమారు సెకనులో పదిహేనవ వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కాంతివేగంతో హెచ్చవేస్తే ఉపగ్రహానికీ మనకూ గల దూరం తెలుస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనమున్న చోటు తేలుతుంది. అయితే పెట్టెలోని గడియారం నాసిరకానిది. ఉపగ్రహంలోని పరమాణు గడియారం వంటిది కాదు. సెకనులో లక్షవ వంతు పొరపాటుకు దూరంలో మూడు కిలోమీటర్ల పొరపాటు వస్తుంది. ఆ గడియారాన్ని దిద్దుకొనడానికి నాలుగవ ఉపగ్రహం కావలెను. నాలుగు తెలియని రాశులు, నాలుగు సమీకరణాలు. లెక్కల మాష్టారికి ఇంతకంటే చెప్పవలసిన పని లేకపోయినది.

ఇక్కడ పైతరగతుల విద్యార్థులకు ఒక మాట. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం నిత్యజీవితంలో ఎందుకు పనికివస్తుందని ఎవరైనా అడిగితే ఈ పెట్టెను చూపించవచ్చును. ఎత్తున ఉండడంవలన గురుత్వాకర్షణ తగ్గి ఉపగ్రహ గడియారం మన గడియారం కంటె త్వరగా నడుస్తుంది. వేగంగా పోవడంవలన కొంత నెమ్మదిస్తుంది. రెండూ కలిపిచూస్తే రోజుకు 38 మైక్రోసెకనుల ముందుపోత. దానిని సరిదిద్దకుండా వదిలివేస్తే ఒక్క రోజులో దూరాల లెక్క పది కిలోమీటర్లకు పైగా చెడిపోతుంది.

మరొక భ్రమ కూడ తొలగించుకొనవలెను. ఉపగ్రహం మన కారును చూస్తున్నదని చాలమంది అనుకొంటారు. చూడదు. మన పెట్టె ఆకాశానికి ఏమీ పంపదు. రేడియో వలె వినడమే దాని పని. వినడానికి చందా లేదు, సెల్‌ఫోను టవరుతో నిమిత్తం లేదు. 1983లో దక్షిణ కొరియా విమానమొకటి దారి తప్పి సోవియట్ గగనతలంలో ప్రవేశించగా దానిని కూల్చివేసినారు. 269 మంది మరణించినారు. ఆ తరువాతనే ఈ ఏర్పాటును పౌరుల ఉపయోగానికి కూడ ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించినాడు. 1995 నాటికి ఏర్పాటు పూర్తి అయినది. అయినను సామాన్యులకు అందే సంకేతంలో బుద్ధిపూర్వకంగా కొంత తప్పు కలిపేవారు; అందువలన వంద మీటర్ల వరకు తేడా వచ్చేది. వంద మీటర్లంటే ప్రక్కవీధి! 2000వ సంవత్సరం మే నెలలో ఆ కల్తీని ఆపివేసినారు. కార్లలో ఈ పెట్టెలు ఇంటింటి వస్తువు కాగలగడానికి మూలం ఆ నిర్ణయమే.

ఈ పని మన నేలకు క్రొత్తది కాదు. 1802లో లాంబ్టన్ దొర మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను గొలుసుతో కొలిచి, దానిమీద త్రికోణం, ఆ త్రికోణం మీద మరొక త్రికోణం కట్టుకొంటూ ఉత్తరానికి సాగినాడు. అరటన్ను బరువైన కోణమాన యంత్రాన్ని గుట్టలమీదికి, గోపురాలమీదికి ఎక్కించేవారు. 1808లో తంజావూరులో గుడిగోపురం మీదికి లాగుతుండగా త్రాడు తెగి ఆ యంత్రం దెబ్బతిన్నది కూడ. ఆయన 1823లో హైదరాబాదునుండి నాగపూరు పోతూ హింగన్‌ఘాట్‌లో మరణించేవరకు ఆ పనిలోనే ఉన్నాడు. ఆయన కోణాలు కొలిచినాడు. మన పెట్టె దూరాలు కొలుస్తున్నది. త్రికోణం మాత్రం పాతదే.

మన దేశపు ఉపగ్రహాల మాట కూడ మిత్రులు అడిగినారు. మొదటిది 2013 జులై 1న, వరుసలో ఏడవది 2016 ఏప్రిల్‌లో శ్రీహరికోటనుండి పోయినవి. ఆ ఏర్పాటుకు నావిక్ అని పేరు పెట్టినారు. కొన్ని ఉపగ్రహాలలో విదేశాలనుండి తెచ్చిన పరమాణు గడియారాలు చెడిపోయినవి. స్వదేశంలో తయారైన గడియారంతో 2023 మేలో క్రొత్త తరం ఉపగ్రహమొకటి వెళ్ళినది. 2025 జనవరి 29న, శ్రీహరికోటనుండి జరిగిన నూరవ ప్రయోగంలో, దాని తమ్ముడు వెళ్ళినాడు గాని కవాటం తెరచుకొనక నిర్ణీత కక్ష్యకు చేరలేకపోయినాడు. కాబట్టి పెట్టె మీద నావిక్ అని వ్రాసి ఉంటే సంతోషమే, దానితోబాటు జి.పి.ఎస్.ను, రష్యావారి గ్లోనాస్‌ను, ఐరోపావారి గెలీలియోను కూడ వినగలదా అని చూడవలెను. ఎక్కువ గొంతులు వినబడిన కొద్దీ, ఎత్తైన మేడల నడుమను, లోయలలోను చోటు తప్పకుండ ఉంటుంది.

ఇక పటం. అసలు బాధ అంతా ఇక్కడనే ఉన్నది.

ఉపగ్రహాల ఏర్పాటు పూర్తికాకముందే, 1985లో, కాలిఫోర్నియాలో ఎటక్ అనే కంపెనీ కారులో దారి చూపే యంత్రమొకటి అమ్మినది. దానిలో పటాలు టేపు కాసెట్టులలో ఉండేవి. చక్రాలు తిరిగిన లెక్క, దిక్సూచి, పటం, ఈ మూడింటినీ సరిపోల్చుకొని అది చోటు కనిపెట్టేది. తెరమీద కారు బొమ్మ కదలదు. పటమే దానిచుట్టు తిరుగుతుంది. పసిఫిక్ మహాసముద్రంలోని కరోలిన్ దీవుల నావికులు పూర్వం ఇదే విధంగా ఊహించుకొనేవారట: తమ పడవ నిలకడగా ఉన్నదని, దీవులే నక్షత్రాల క్రిందుగా వెనుకకు జరిగిపోతున్నవని. ఆ ఊహకు వారి భాషలో పేరు ఎటక్. కంపెనీ పేరు అక్కడినుండి తెచ్చుకొన్నదే. నాటినుండి నేటివరకు తెరలు మారినవి, గొంతులు వచ్చినవి. పటం తప్పైతే పెట్టె తప్పుతుందన్న సంగతి మారలేదు.

పెట్టెలోని పటం గోడకు వ్రేలాడే పటం వంటిది కాదు. అందులో ప్రతి దారికీ ఒక జాతకం వ్రాసి ఉంటుంది. తారుదా, మట్టిదా, ఒకవైపే పోవలెనా, రెండువైపులా పోవచ్చునా, ఎంత వేగం, ఎక్కడ వంతెన, ఎక్కడ మలుపు నిషేధం. దారి వెదకే లెక్క ఈ జాతకాన్ని నమ్ముతుంది గాని నేలను చూడదు. పైనుండి తీసిన ఛాయాచిత్రంలో కాలువ గట్టు కూడ తిన్నని తెల్లగీతే. ఎవరో బల్ల దగ్గర కూర్చుండి దానిని దారి అని గీచి ఉంటారు. "దగ్గరిది కావలె" అని మేమడిగినాము గనుక అది ఆ గీతనే ఇచ్చినది. తప్పులో సగం మాది.

మాకు పోయినది కడచూపు. ఇతరులకు అంతకంటె పెద్దవే పోయినవి. అమెరికాలో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ అనే ఎడారిలో 2009 ఆగస్టులో ఒక తల్లి, ఆరేళ్ళ కుమారుడు పెట్టె చూపిన బాట పట్టి ఇసుకలో చిక్కుకొన్నారు, పిల్లవాడు దక్కలేదు. ఎప్పుడో మూతపడిన గనుల బాటలు పటంలో ఇంకా దారులుగానే ఉండేవి. అక్కడి అధికారి ఒకరు పటాల కంపెనీలతో మాట్లాడి, లేని దారులను ఒక్కొక్కటిగా తీయించవలసి వచ్చినది. మన దేశంలో 2024 నవంబరులో, ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతంలో, రామగంగ వరదకు తెగిపోయిన వంతెన మీదికి ఒక కారు పోయి నదిలో పడి ముగ్గురు మరణించినారు. ఫోనులోని పటం చూచుకొంటూ వెళ్ళినారని చెప్పినారు. వంతెన కొస నరికినట్లు ఆగిపోయి ఉన్నది. పటంలో గీత అవతలి ఒడ్డు వరకు ఉన్నది. అడ్డుకట్ట లేకపోవడం నేలమీది వారి తప్పు, గీత ఉండడం పటంవారి తప్పు. ఇద్దరి తప్పూ ఒక్కచోట కలిసినది.

"అయితే పెట్టె వద్దంటారా?" అని మిత్రులు అడిగినారు. వద్దనలేదు. ఫోను ఉండగా పెట్టె ఎందుకని మాత్రం ముందుగా ఆలోచించుకొందామన్నాను.

1998లో గార్మిన్ కంపెనీ, 2004లో టామ్‌టామ్ కంపెనీ కారులో పెట్టుకొని తీసుకొనే పెట్టెలు తెచ్చినప్పుడు వాటికి పోటీ లేదు. 2009 అక్టోబరులో గూగుల్ వారు ఫోనులో ఉచితంగా దారి చెప్పిస్తామని ప్రకటించిన రోజుననే ఆ రెండు కంపెనీల వాటాల ధరలు పడిపోయినవి. నేడు ఊళ్ళ మధ్య తిరిగేవారికి ఫోను చాలును. రద్దీ ఎక్కడ ఉన్నదో కూడ అది చెప్పగలదు. దాని పటం ఎప్పటికప్పుడు టవరునుండి దిగుతుంది. కాని నల్లమలలో, మారేడుమిల్లి కనుమలలో టవరు అందనిచోట, పటాన్ని ముందుగా ఫోనులో దింపి దాచుకొనకపోతే, చోటు తెలుస్తుంది గాని చుట్టూ ఖాళీ తెర మిగులుతుంది. విద్యార్థులు దీనిని బాగా గుర్తుంచుకొనవలెను: టవరు పోయినంత మాత్రాన ఉపగ్రహం పోదు, పోయేది పటం. పెట్టెకు గల మేలు దేశపటమంతా దాని కడుపులోనే ఉండడం. రెండవ మేలు, మధ్యలో ఎవరూ ఫోను చేయరు. మా మిత్రుల కన్నుల పవరుకు ఆరంగుళాల తెర, ఎండలో కూడ కనబడే తెర, అవసరమే. ప్రయాణం అడవిదారిన గనుక పెట్టె కొనవచ్చునని తేల్చుకొన్నాము.

తరువాతి వారం విజయవాడ వెళ్ళినాము. దుకాణదారు మమ్ము వింతగా చూచినాడు. "ఇప్పుడెవరు కొంటున్నారండీ ఇవి? అందరూ ఫోన్లోనే చూసుకుంటున్నారు" అంటూనే రెండు పెట్టెలు తీసి బల్లమీద పెట్టినాడు. ఒకటి చూడముచ్చటగా ఉన్నది, తెర పెద్దది. రెండవది మొద్దుగా ఉన్నది. మూడవదొకటి, ఎవరో వాడి అమ్మినది, సగం ధరకే ఇస్తానన్నాడు. మిత్రుల చేయి దానివైపే పోయినది. నేను వారించినాను. జి.పి.ఎస్. సంకేతంలో వారాలను 1,023 వరకు లెక్కపెట్టి మరల సున్నకు వస్తారు. 2019 ఏప్రిల్‌లో అట్లా తిరిగి సున్న అయినది. అప్పటికి ముందువి, కంపెనీవారు దిద్దకుండ వదలివేసినవి కొన్ని, అప్పటినుండి తారీకు తప్పు చెప్పుతూ చేరే వేళను తారుమారు చేస్తున్నవి. పటాలు దొరకని పాత పెట్టె ఎంత చౌకైనను ఖరీదే.

మిగిలిన రెండింటికీ మేము వేసిన మొదటి ప్రశ్న పటం ఏనాటిదని. జీవితకాలమంతా పటం ఉచితంగా మారుస్తామని ఒకదాని పెట్టెమీద వ్రాసి ఉన్నది. ఎవరి జీవితకాలమని అడిగినాను. దుకాణదారు నవ్వి ఊరకున్నాడు. కాగితం చదివితే కొన్నవాని జీవితకాలం కాదు. కంపెనీవారు ఆ నమూనాను ఆదరించినంత కాలమని ఉన్నది. ఏడాదికి ఎన్నిసార్లు మార్చుతారు, దానికి కంప్యూటరు కావలెనా, ఇంటిలోని వైఫై చాలునా, అన్నవి కూడ అక్కడనే అడిగి తెలిసికొన్నాము.

రెండవ పరీక్ష పేర్లు. మన ఊళ్ళ పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో ఎవరికి తోచినట్లు వారు వ్రాస్తారు. తాడేపల్లిగూడెంలోని తా అన్న అక్షరం తరువాత హెచ్ ఉన్నదో లేదో బ్రహ్మకైనా తెలియదు. పైగా రామాపురాలు, కొత్తపల్లులు, వెంకటాపురాలు ఎన్ని ఉన్నవో! మండలం పేరు, జిల్లా పేరు చూపకుండ మొదటి రామాపురానికి తీసుకొనిపోయే పెట్టె మనకు పనికిరాదు. చూడముచ్చటైనది రెండక్షరాలు తప్పితే ఊరు లేదన్నది. మొద్దుది దగ్గరి పేర్లన్నీ మండలాలతో సహా చూపించినది. రెండూ అక్షాంశ రేఖాంశాలను తీసికొనగలవు. ఇది చిన్న విషయం కాదు. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. దశాంశం తరువాత నాలుగు అంకెలు వ్రాసుకొంటే పదకొండు మీటర్ల లోపున చోటు దొరుకుతుంది. తపాలాశాఖవారు 2025 మేలో, హైదరాబాదులోని ఐ.ఐ.టి. సహకారంతో, దేశమంతటినీ సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా పంచి ప్రతి గడికీ పదక్షరాల గుర్తు ఇచ్చే డిజిపిన్ పద్ధతిని తెచ్చినారు. దాని పునాది కూడ ఈ అక్షాంశ రేఖాంశాలే.

గొంతు సంగతి ఎక్కువ చెప్పను. ఇంగ్లీషు గొంతు మన ఊరిపేర్లను పలికే తీరు వింటే తెలుగు పండితులకు కన్నీరు వస్తుంది. మిత్రుల భార్యగారు మాత్రం, "మలుపుకు ముందే చెపుతుందా, దాటిన తరువాత చెపుతుందా, అది చూడండి" అన్నారు. మేము అంతవరకు ఆలోచించని ప్రశ్న అది.

చివరి పరీక్షకు దుకాణదారును బ్రతిమాలి రెండు పెట్టెలను కారులోనికి తెచ్చుకొన్నాము. ఆరుబయట కొన్ని నిమిషాలు ఉంచినాము. చాలాకాలం మూసి ఉన్న పెట్టెకు ఆకాశమంతటి పంచాంగం దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. తెలియని ఊరు అడిగి పరీక్షిస్తే ప్రయోజనం లేదు. దారి మనకు బాగా తెలిసిన ఊరే అడుగవలెను. మిత్రులు నావైపు చూచినారు. నేను గురువుగారి ఊరిపేరు కొట్టినాను.

పెద్ద తెర పెట్టె క్షణంలో గీత గీచినది. గట్టు మీదుగా. మట్టి బాటలు వద్దని చెప్పే ఏర్పాటు అందులో ఎంత వెదకినా కనిపించలేదు. మొద్దు పెట్టెలో కూడ ఆ గీత ఉన్నది. కాని సన్నని చుక్కలుగా ఉన్నది. మట్టి బాటలు వద్దన్న గుర్తు పెట్టగానే అది ఊరిచుట్టు తారురోడ్డు మీదుగా తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువైన దారి చూపినది. మిత్రులు ఇంకేమీ అడగకుండ దానికి డబ్బు చెల్లించినారు. అద్దానికి అంటించే రబ్బరు పిడి చూపుకు అడ్డం రాకుండ క్రిందిభాగాన పెట్టించుకొన్నారు. ఎండలో నిలిపిన కారులో దానిని వదలరాదని, వేడికి బ్యాటరీ ఉబ్బుతుందని దుకాణదారు చెప్పినాడు.

వారి యాత్ర సుఖంగా జరిగినది. చింతూరు దాటిన తరువాత ఫోను మూగబోయినను పెట్టె దారి చెప్పుతూనే ఉన్నదట. రెండుచోట్ల మాత్రం కారు ఆపి, టీ దుకాణాల దగ్గర మనుష్యులను అడిగినామని మిత్రులు కొంచెం సిగ్గుపడుతూ చెప్పినారు.

యాత్రకు ముందే మేము మరొక పని చేసినాము. పటం తయారుచేసేవారికి తప్పులు తెలియజేయడానికి ఒక మార్గమున్నది. ఆ కాలువ గట్టు అక్షాంశ రేఖాంశాలు, అది దారి కాదన్న మాట, పగటిపూట తీసిన నాలుగు ఛాయాచిత్రాలు పంపించినాము. ఛాయాచిత్రాలు తీయడానికి వెళ్ళినప్పుడు ఆనాటి రైతు కనిపించినాడు. మమ్ము గుర్తుపట్టి, ఇంకా ఏడాదికి ఒకటి రెండు కార్లయినా అక్కడ దిగబడుతున్నవని చెప్పినాడు. కంపెనీవారినుండి అందినదని ఒక జవాబు వచ్చినది. తరువాత మాట లేదు. రెండుసార్లు పటం మారినది, గీత మారలేదు. మరల వ్రాసినాము. మూడవసారి వచ్చిన పటాన్ని మిత్రులు పెట్టెలో ఎక్కించుకొని, రాత్రివేళ అని కూడ చూడక, నాకు ఫోను చేసినారు. గట్టు మీద గీత లేదు. కాలువ ఒక్కటే నీలంగా ఉన్నది.